రైలు ఆగుతుంది, బ్యాండ్ దిగదు: బెజవాడను దాటిపోయే రాక్ టూర్ల వెనక కథ

హైదరాబాద్‌లో శుక్రవారం షో, విశాఖలో ఆదివారం షో, మధ్యలో శనివారం ఖాళీ. ఆ శనివారం ఎక్కడ వాయించాలా అని మ్యాపు తెరిస్తే వేలు విజయవాడ మీదే పడాలి. హైదరాబాద్ 270 కిలోమీటర్లు, విశాఖ 350 దాకా, చెన్నై సుమారు 450. నాలుగు వైపుల రైళ్లూ ఇక్కడ ఆగాల్సిందే. అయినా సొంత పాటలు కట్టుకుని ఊరూరా తిరిగే ఇండిపెండెంట్ రాక్ బ్యాండ్లలో చాలావాటికి బెజవాడ అంటే ప్లాట్‌ఫాం మీద టీ తాగి మళ్లీ రైలెక్కే చోటు. గుంటూరు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

మనవాళ్లకు సినిమా పాట తప్ప ఏదీ ఎక్కదని అందరూ అంటారు. అది సగం నిజం. మిగతా సగం డబ్బు దగ్గర ఉంది. మన ఊళ్లలో పాటకు డబ్బు కట్టేది వినేవాడు కాదు, ప్రోగ్రాం పెట్టించేవాడు. క్లబ్ షో నడిచేది సరిగ్గా దీనికి తలకిందులుగా.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో చిన్న బ్యాండ్ టూర్ అంటే ఒక వ్యాను, రోజుకో ఊరు, వందా రెండొందల మంది పట్టే క్లబ్బు. తలుపు దగ్గర అమ్మిన టికెట్ల డబ్బులో బ్యాండ్‌కు వాటా, బార్‌లో అమ్ముడైన బీరు డబ్బు క్లబ్బుకు. కాస్త పేరున్న బ్యాండైతే జనం వచ్చినా రాకపోయినా ఇంత ఇవ్వాలని ముందే మాట్లాడుకుంటుంది. న్యూయార్క్ బవరీ వీధిలో 1973లో హిల్లీ క్రిస్టల్ తెరిచిన సీబీజీబీ అనే ఇరుకు బార్‌లో ఒక షరతు ఉండేది: ఎవరి పాటలు వాళ్లే వాయించాలి. అరువు పాటలతో బతికే బార్ బ్యాండ్లు దాంతో బయటే ఉండిపోయాయి. రమోన్స్, టాకింగ్ హెడ్స్ లాంటి కొత్తవాళ్లు లోపలికొచ్చారు. అసలు బారే అక్కర్లేదన్నవాళ్లూ ఉన్నారు. 1987లో వాషింగ్టన్‌లో మొదలైన ఫుగాజీ బ్యాండ్ ఎక్కువగా ఐదు డాలర్ల టికెట్టుకే, ఏ వయసువాళ్లయినా రాగలిగే హాళ్లలో వాయించింది. మన ఊరికి పనికొచ్చే ముక్క ఇదేనని నా అభిప్రాయం. ఆ సంగతి తర్వాత.

మన దేశంలో దారి కాస్త వేరుగా పడింది. ముంబైలో 1986లో ఇండిపెండెన్స్ రాక్ అనే రాక్ ఫెస్టివల్ మొదలైంది. 1993లో రాక్ స్ట్రీట్ జర్నల్ పత్రిక పుట్టింది అలహాబాద్‌లో, ముంబైలోనో బెంగళూరులోనో కాదు. బ్యాండ్లను చాలాకాలం పోషించినవి ఐఐటీల, పెద్ద కాలేజీల ఫెస్టులు. ప్రతి వారం టికెట్ పెట్టి లైవ్ వినిపించే చోట్లు బలపడింది 2007లో ముంబైలో బ్లూ ఫ్రాగ్ క్లబ్బు తెరిచాకే. 2010లో పుణెలో ఎన్‌హెచ్7 వీకెండర్ మ్యూజిక్ ఫెస్టివల్ మొదలైంది. ఆ బ్లూ ఫ్రాగ్ కూడా పదేళ్లు తిరగకముందే ముంబైలో మూతపడిందనుకోండి. తెలుగునాట ఈ సర్క్యూట్ హైదరాబాద్ దాకా వచ్చి అక్కడ ఆగింది.

ఊరూరా తిరిగే కళాకారులు, టికెట్టు కొని వచ్చే జనం మనకు కొత్తా అంటే కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కాంట్రాక్టు నాటకాలు ఒకప్పుడు అచ్చం అలాగే నడిచాయి. కాంట్రాక్టరు ఒక ఊళ్లో పందిరి వేసి, పేరున్న నటులకు బయానా పంపి, ఒక్కొక్కరినీ ఒక్కో ఊరి నుంచి రప్పించేవాడు. కృష్ణుడు ఒక నాటక సమాజం నుంచి, అర్జునుడు ఇంకో సమాజం నుంచి. ఒక్కోసారి ఒకే నాటకంలో అంకానికో కృష్ణుడు. అందరూ కలిసి రిహార్సల్ వేసుకున్నదీ ఉండదు, నేరుగా రాత్రికి స్టేజి మీదే కలిసేవారు. పద్యం అందరికీ నోటికొచ్చు, శ్రుతి ఇవ్వడానికి హార్మోనిస్టు ఉన్నాడు, చాలు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు పేర్లు వాల్‌పోస్టరు మీద ఉంటే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. కుర్చీకి ఒక రేటు, బెంచీకి ఒకటి, నేలకు ఒకటి. పద్యం బాగుంటే "వన్స్‌మోర్", రాగం శ్రుతి తప్పితే ఈలలు. డబ్బు కట్టినవాడి దబాయింపు అది. క్లబ్ షోలో ముందు వరసలో నిలబడ్డవాడిదీ అదే దబాయింపు.

ఈ ఏర్పాటును కూల్చింది సినిమా. బెజవాడలో మారుతీ టాకీస్ 1921లోనే వచ్చింది. తర్వాత గాంధీనగర్ సినిమా పంపిణీ ఆఫీసులతో నిండిపోయింది. టికెట్టు కొనే జేబు మొత్తం హాలు వైపు తిరిగింది. పద్యనాటకం చావలేదు గానీ ఉత్సవ కమిటీల ఖర్చులోకి వెళ్లిపోయింది. శ్రీరామనవమి పందిట్లో, తిరునాళ్లలో, దాతల పేర్లు మైకులో చదివాక, ఉచితంగా. సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలు వచ్చేసరికి ఆ పద్ధతి బిగుసుకుపోయింది. వినాయక చవితికి వీధి కమిటీ చందాలు వసూలు చేస్తుంది, ఆర్కెస్ట్రా పార్టీకి బయానా ఇస్తుంది, వీధి మొత్తం కుర్చీలు లాక్కుని కూర్చుంటుంది. టికెట్ అన్న మాటే రాదు. కోటప్పకొండ ప్రభల ముందైతే ఎవరిది ఎంత పెద్ద ప్రోగ్రామన్నది ఊరి పరువు లెక్క.

ఆర్కెస్ట్రాను చిన్నచూపు చూడడానికి ఈ మాట అనడం లేదు. అందులో వాయించేవాళ్ల పనితనం తక్కువది కాదు. ఎలక్ట్రానిక్ ప్యాడ్ వాయించే ఆర్టిస్టును గమనించండి. పుస్తకం సైజు రబ్బరు పలకల మీద రెండు పుల్లలతో డోలక్, తబలా, డప్పు, డ్రమ్స్ అన్నీ తీస్తాడు, పాట మారేలోగా మోచేత్తో సౌండ్ మారుస్తాడు. కింద నుంచి వచ్చే చీటీలో ఏ పాట ఉన్నా కాదనడు. కానీ ఈ ప్యాడ్ వల్లే రాక్ బ్యాండ్‌కు ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. ప్యాడ్‌కు ఒక వైరు మిక్సర్‌లో పెడితే పని అయిపోతుంది. నిజం డ్రమ్ కిట్‌కైతే కిక్‌కు ఒక మైకు, స్నేర్‌కు ఒకటి, టామ్స్‌కు, సింబల్స్‌కు విడిగా, ఇలా ఆరేడు కావాలి. గిటార్లకు ఆంప్‌లు, పాడేవాడికి తన గొంతు తనకు వినపడే మానిటర్, అందరికీ సౌండ్‌చెక్‌కు ముందుగా గంటా రెండు గంటలు. ఊళ్లోని సౌండ్ సిస్టం వాళ్లు ఆర్కెస్ట్రాకూ డీజేకూ ఆరితేరినవాళ్లు. సౌండ్‌చెక్ అంటే "హలో మైక్ టెస్టింగ్" అనుకునే చోట బ్యాండ్ సౌండ్ ఇంజినీరుకు టెన్షన్ మొదలవుతుంది.

ఇక మందు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. బెంగళూరులో పబ్బులు గిటార్లకు చోటిస్తున్న కాలంలో మన దగ్గర బార్లే లేవు. ఉద్యమం తప్పని ఎవరంటారు? ఆ ఆడవాళ్లు చూసిన నరకం వేరు. అయితే నిషేధం పోయాక కూడా ఇక్కడ బార్ అంటే మసక వెలుతురు ఏసీ గదే అయింది, పాట వినే చోటు కాలేదు. 2019లో మద్యం షాపులు ప్రభుత్వం చేతికి, 2024లో మళ్లీ ప్రైవేటు చేతికి. విధానం ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియని చోట బార్ ఆదాయాన్ని నమ్ముకుని లైవ్ స్టేజీ కట్టేవాడు అరుదు. పైగా బార్‌లో షో అంటే ఇంటర్, డిగ్రీ పిల్లలు సగం మంది రాలేరు, ఆడపిల్లలను ఇంట్లో పంపరు. రాక్ వినేది ఆ వయసువాళ్లే మరి.

వాయించేవాళ్లకు మాత్రం ఈ రెండు ఊళ్లలో కొదవ లేదు. దాని చరిత్ర గుంటూరులో ఉంది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో అక్కడ అడుగుపెట్టాడు, 1885లో ఆంధ్ర క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ వచ్చింది. మిషన్ చర్చీలతో క్వాయర్ పాట, అంటే బృందగానం వచ్చింది, కాలక్రమంలో గిటారు, కీబోర్డు, డ్రమ్ కిట్ వచ్చాయి. ఈ ప్రాంతంలో ఒక కుర్రాడు నిజం డ్రమ్స్ మీద మొదటిసారి చెయ్యి వేసే చోటు చాలాసార్లు చర్చే. ఆదివారం ఆరాధనకు వారం వారం వాయించినవాడికి నలుగురితో కలిసి తాళం నిలపడం దానంతట అదే వస్తుంది. ఆ చెయ్యి తిరిగాక వాళ్లు వెళ్లేది ఆర్కెస్ట్రాకో, హైదరాబాద్ స్టూడియోలకో.

కాలేజీలు కొంత దారి తెరిచాయి. వడ్లమూడిలో విజ్ఞాన్ వాళ్ల ఫెస్టు మహోత్సవ్ ఉంది, వడ్డేశ్వరంలో కేఎల్ యూనివర్సిటీ ఉంది, రాజధాని ప్రకటన తర్వాత 2017లో విట్-ఏపీ, ఎస్ఆర్ఎం-ఏపీ యూనివర్సిటీలు వచ్చాయి. ఫెస్టుకు బ్యాండ్లను పిలుస్తారు, వేల మంది పిల్లలు ఊగిపోతారు. అక్కడా డబ్బు కాలేజీదే, గేటు బయటివాళ్లకు తెరుచుకోవడం తక్కువ. పందిరి పద్ధతే, ఎల్ఈడీ లైట్లతో. నగరంలో కెఫేల్లో అందరూ కలిసి పాడుకునే జామింగ్ సాయంత్రాలు పెరిగాయి. టికెట్ కొని వస్తున్నారు, అది మంచిదే. పాడేది మాత్రం అందరికీ వచ్చిన సినిమా పాటలే.

సొంత పాట వినిపించే బ్యాండ్‌ను దింపాలంటే లెక్క చూడాలి. 500 రూపాయల దాకా ఉన్న కచేరీ టికెట్టుకు జీఎస్టీ లేదు. 400 చొప్పున 150 మంది వస్తే 60 వేలు. అందులో ఐదుగురు సభ్యులు, ఒక సౌండ్ ఇంజినీరు, వాళ్ల రైలు, గదులు, భోజనం, డ్రమ్ కిట్ అద్దె, హాలు అద్దె. బ్యాండ్ శుక్రవారం హైదరాబాద్‌లో, ఆదివారం విశాఖలో సంపాదిస్తేనే శనివారం ఇక్కడ ఈ లెక్కకు ఒప్పుకుంటుంది. బెజవాడ ఒంటరిగా దీన్ని మోయలేదు, దారిలో ఉన్న ఊరుగా మోయగలదు.

ఫుగాజీ వెతుక్కున్న లాంటి, బార్ లేని హాలు మాత్రం ఇక్కడ దొరుకుతుంది. కళ్యాణ మండపాలు ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలు లేక తాళాలేసి ఉంటాయి. ఏసీ ఉంటుంది, జనరేటర్ ఉంటుంది, పార్కింగ్ ఉంటుంది, మందు ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లు పంపుతారు. చదును గోడలకు సౌండ్ తిరగబడి కొడుతుంది, వెనక తెరలు కట్టుకోవాలి. రాత్రి 10 దాటితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు లౌడ్‌స్పీకర్లను మరింత కట్టడి చేస్తాయి, మూసి ఉన్న హాళ్లకు కొంత వెసులుబాటు ఉన్నా సరే. కాబట్టి ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాలి. బ్యాండ్ అర్ధరాత్రి విశాఖ రైలు అందుకోవడానికి అదే అనువు కూడా.