గడప దాటే చక్రం

ఇచ్ఛాపురం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి రాశాడు: "మా నాన్నమ్మకి మంచినీళ్లు, మందులు పట్టుకెళ్లి ఇచ్చే రోబో చేద్దామనుకుంటున్నాను సార్. ఏ కెమెరా పెట్టమంటారు?" కెమెరా సంగతి తర్వాత చూద్దాం, ముందు టేపు తీసుకుని ఇంట్లో ప్రతి గడప ఎత్తూ కొలవమన్నాను.

బరంపురం నుంచి పలాస దాకా పాత వీధుల్లో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, సన్నగా పొడుగ్గా ఉంటాయి. వీధరుగు ఎక్కి లోపలికి వెళ్తే గది వెనక గది, చివర వంటిల్లు, ఆపైన పెరడు. గది మారిన చోటల్లా గడప. 2002లో వచ్చిన రూంబా లాంటి ఇల్లు ఊడ్చే రోబోలు సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తు దాటగలవు. ఈ ఇళ్లలో వాటి తిరుగుడంతా మొదటి గదిలోనే.

గడప 5 సెంటీమీటర్లు అనుకుందాం. చక్రం దాని అంచుకు తగిలింది. ఆ అంచు నుంచి ఇరుసు దాకా ఒక గీత ఊహించండి. ఆ గీత నిలువు నుంచి ఎన్ని డిగ్రీలు వాలిందన్నదే అసలు ప్రశ్న. చక్రం పెద్దదైతే వాలు తక్కువ. ఎద్దుబండి చక్రాలు రాళ్లూ గతుకులూ దాటేది ఈ సూత్రం మీదే. గడప ఎత్తు చక్రం వ్యాసార్ధంతో సమానమైతే గీత పూర్తిగా అడ్డంగా పడుకుంటుంది. అప్పుడు వెనక నుంచి ఎంత తోసినా గడపను నెట్టడమే తప్ప చక్రం పైకి లేవదు.

ఇక లెక్క. రబ్బరు చక్రానికీ నున్నటి గచ్చుకీ ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, 0.6 అనుకుంటే ఘర్షణ కోణం (వాలు ఎంతకు చేరితే వస్తువు జారడం మొదలవుతుందో ఆ కోణం) 31 డిగ్రీలు. (ఇంటర్‌లో ఈ కోణాన్ని వాలుతలం లెక్కతో ముగించేస్తారు. ఒక్క చక్రం, ఒక్క చెక్కముక్క ఇచ్చి పిల్లల చేత దొర్లించి చూపిస్తే జన్మలో మరిచిపోరు.) బరువు చక్రాలన్నిటి మీదా సమానంగా ఉందనీ, మోటార్లు వెనక చక్రాలకే ఉన్నాయనీ అనుకోండి. వెనక చక్రాల తోపుతోనే ముందు చక్రం గడప ఎక్కాలంటే ఇందాకటి గీత 31 డిగ్రీలు మించి వాలకూడదు. అంటే చక్రం వ్యాసం 70 సెంటీమీటర్లు ఉండాలి! మంచం పక్కన అది పట్టదు. ముందు చక్రాలకూ మోటార్లు పెట్టండి. వెనకవి తోస్తుంటే ముందువి గడప అంచును పట్టుకుని పాకుతాయి. ఆ పట్టు ఇంకో 31 డిగ్రీలు ఇస్తుంది. రెండు కోణాలూ కలిసి 62. వ్యాసం ఒక్కసారిగా 19 సెంటీమీటర్లకు దిగిపోతుంది. నాకు ఇందులో ఎంతో అందం కనిపిస్తుంది.

ఇంకా తగ్గించవచ్చు. 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ అనే నాసా రోబో బండికి 13 సెంటీమీటర్ల చక్రాలు ఆరు. రాకర్-బోగీ అనే కీళ్ల అమరిక బరువును వాటి మధ్య పంచుతుంది, స్ప్రింగులు లేవు. ఒక జత ఎక్కుతుంటే మిగతా నాలుగూ దానికి బలం ఇస్తాయి. ఎక్కే జతకు వెనక తోపు రెట్టింపవుతుంది కాబట్టి మన లెక్కలో కోణం 81 డిగ్రీలకు చేరి, 12 సెంటీమీటర్ల చక్రం సరిపోతుంది.

గడప తొక్కితే అరిష్టమన్న మాట నేను నమ్మను. అయితే శుక్రవారం గడపకు పసుపు రాస్తారు, అది డిజైన్ లెక్కలోకి రావాల్సిందే. తడి పసుపు మీద గుణకం 0.3కి పడిపోయిందనుకోండి, నాలుగు చక్రాల బండికి 19 చాలదు, 30 సెంటీమీటర్లు దాటాలి. గడపలు కొట్టించేయమని మాత్రం ఎవరికీ చెప్పను. వాన నీటినీ తేళ్లనూ ఆపేది అదే. పెద్దవాళ్లున్న ఇంట్లో రోబో ఇంటికి తగ్గట్టు మారాలి.

చక్రం జారితే ఇంకో చిక్కుంది. ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రోబో తన చోటు తెలుసుకుంటుంది. 12 సెంటీమీటర్ల చక్రం ఉన్నచోటే అర చుట్టు తిరిగినా, 19 సెంటీమీటర్లు ముందుకొచ్చానని లెక్క వేసుకుంటుంది. అందుకని మలుపులు కొలిచే గైరోస్కోపు, గోడల దూరం కొలిచే లైడార్ తోడుండాలి.

ముందు భాగం గడప మీదికి లేవగానే కింద ఉన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్‌కు నేల కనిపించక, గొయ్యి అనుకుని రోబోను ఆపేస్తుంది. నల్లటి గచ్చు కూడా ఆ కాంతిని పీల్చేసి ఇదే పొరపాటు చేయిస్తుంది. వెలుతురు తిరిగొచ్చిందా లేదా అని చూసే చవక సెన్సార్ ఇక్కడ పనికిరాదు. కాంతి వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెప్పేది వాడాలి. 5 సెంటీమీటర్ల దిగుడు కనిపిస్తే గడప, దిగొచ్చు. అంతకన్నా బాగా లోతు కనిపిస్తే వీధరుగు అంచు, అక్కడ మోటార్లు వెంటనే ఆగిపోవాలి.