మీషా గొంతు: అపోహలు - వాస్తవాలు

అపోహ: జపాన్ సోల్ (అమెరికా నల్లజాతీయుల్లో పుట్టిన సంగీత శైలి) గాయని మీషా తన పాటల్లో ఈలలా వినిపించే ఆ సన్నటి పై స్వరాలు పెదాలతో ఈల వేసి తీస్తారు. కాదంటే స్టూడియోలో కంప్యూటర్ మాయ.

వాస్తవం: రెండూ కాదు. 1998 ఫిబ్రవరిలో వచ్చిన ఆమె మొదటి సింగిల్‌ (విడిగా వచ్చే పాట రికార్డు)లోనే ఆ స్వరాలున్నాయి. పాట నేర్పే మేం దాన్ని విజిల్ రిజిస్టర్ అంటాం. సుమారు వెయ్యి హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) దాటాక గొంతులోని స్వరతంత్రులు పూర్తిగా కదలవు, అంచుల్లో కొంత భాగమే కంపిస్తుంది. గాలి చాలా తక్కువ సరిపోతుంది. బలంగా నెట్టారా, స్వరం తెగిపోతుంది. క్లాసులో మెడ నరాలు ఉబ్బేలా అరిచేవాళ్లని అక్కడే ఆపేస్తాను. నోరు సగం మూసి, కుక్కపిల్ల మూలిగినట్టు సన్నగా తీయమంటాను. పక్కన ఎవరైనా ఉంటే సిగ్గేస్తుంది గానీ పని చేస్తుంది. గొంతు నొప్పి పుడితే మాత్రం ఆ రోజుకి ఆపేయాల్సిందే.

అపోహ: రాత్రికి రాత్రే స్టార్ అయిపోయారు.

వాస్తవం: పేరు త్వరగా వచ్చిన మాట నిజమే. 1998లోనే వచ్చిన తొలి ఆల్బమ్ 20 లక్షలకు పైగా అమ్ముడైంది. కానీ దాని వెనక ఏళ్లున్నాయి. 1978లో నాగసాకి ప్రాంతంలో పుట్టి, జపాన్‌లోని క్యూషూ దీవికీ కొరియాకీ మధ్యనున్న సుషిమా దీవిలో పెరిగారు. హైస్కూలు వయసు రాకముందే క్యూషూలోని ఫుకువోకా చేరారు. 1997లో ఆడిషన్ నెగ్గారు. మొదటి సింగిల్‌ని సీడీతో పాటు వినైల్ రికార్డుగానూ వేశారు, అంటే క్లబ్బుల్లో డీజేలు తిప్పుకోవడానికి అన్నమాట. 2000లో టీవీ సీరియల్‌కి పాడిన 'ఎవ్రీథింగ్'తో ఇల్లిల్లూ చేరారు.

అపోహ: సోల్ ఇంగ్లిష్‌లోనే పలుకుతుంది.

వాస్తవం: మీషా కంటే ముందే, 1986లో, తొషినొబు కుబొతా అనే గాయకుడు జపనీస్‌లో సోల్, దాని లయప్రధానమైన చుట్టం ఫంక్ పాడుతూ రంగంలోకి వచ్చారు. జపనీస్‌లో పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, మన తెలుగులాగే. గమకం సాగదీయడానికి అంతకన్నా ఏం కావాలి?

అపోహ: ఆ విజిల్ తీసేస్తే ఇంకేమీ లేదు.

వాస్తవం: ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆమె పాడిన జాతీయ గీతం వినండి. పాట చాలా నెమ్మది, పరిధి ఒక స్థాయికి (స నుంచి పై స వరకు) కాస్త ఎక్కువ. పై స్వరాల గారడీకి చోటే లేదు. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో, ఒక్కో స్వరాన్ని ఎంతసేపు నిలబెట్టారో గమనించండి. విజిల్ నేర్పమని వచ్చినవాళ్లకి ముందు అదే వినిపిస్తాను. సగం మంది మొహం ముడుచుకుంటారు.