హయా: మొహమాటం నుంచి ముసుగు దాకా

క్రీ.శ. 627 ప్రాంతంలో మదీనాలో ఒక పెళ్లి విందు జరిగింది. ముహమ్మద్ ప్రవక్తకు జైనబ్ బింత్ జహ్ష్‌తో పెళ్లయిన సందర్భం. అందరూ తిని వెళ్లిపోయారు, ఇద్దరు ముగ్గురు తప్ప. వాళ్లు కబుర్లలో పడి కదలడం లేదు. ప్రవక్త లేచి బయటికి వెళ్లి, మిగతా భార్యల గదుల దగ్గర పలకరించి తిరిగొచ్చారు. అప్పటికీ వాళ్లు అక్కడే ఉన్నారు. 'ఇక బయల్దేరండి' అనడానికి ఆయనకు నోరు రాలేదు. మన భాషలో దీన్ని అచ్చంగా మొహమాటం అంటాం.

ఈ సంఘటన చెప్పింది ఆ ఇంట్లో సేవ చేసిన కుర్రాడు అనస్ ఇబ్న్ మాలిక్. ఖురాన్ 33వ అధ్యాయంలోని 53వ వాక్యం ఈ సందర్భంలోనే దిగిందంటారు. తినగానే వెళ్లిపోండి, మీరు కూర్చుంటే ప్రవక్తకు ఇబ్బంది, మీతో ఆ మాట చెప్పడానికి ఆయన సిగ్గుపడతారు, అల్లాహ్ మాత్రం నిజం చెప్పడానికి సిగ్గుపడడు అని దాని సారాంశం. ప్రవక్త భార్యలను ఏదైనా అడగాలంటే తెర వెనక నుంచి అడగమని కూడా అందులోనే ఉంది. ఆ తెరకు వాడిన అరబ్బీ మాట హిజాబ్. ఖురాన్‌లో ఈ మాట ఏడుసార్లు వస్తుంది. ఒక్కచోట కూడా తలకు కట్టుకునే గుడ్డ అనే అర్థంలో రాదు.

ఇవాళ హిజాబ్ అనగానే ఆడవాళ్ల తల గుర్తొస్తుంది. ఆ వాక్యం మాత్రం ఒక మగమనిషి మొహమాటంతో ముడిపడి ఉంది. ఈ వరస ఎలా తిరగబడిందన్నదే అసలు కథ.

ఇస్లాంలో ఈ సిగ్గు, బిడియం అనే గుణానికి పేరు హయా. జీవితం అనే అర్థమున్న హయాత్‌కూ దీనికీ ధాతువు ఒకటే. విశ్వాసానికి అరవై పైచిలుకు శాఖలున్నాయనీ, హయా అందులో ఒకటనీ హదీసు, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునేది. ఒకాయన తన తమ్ముణ్ని 'మరీ ఇంత బిడియమైతే ఎలా' అని మందలిస్తుంటే, ప్రవక్త ఆపి, వదిలెయ్, హయా విశ్వాసంలో భాగం అన్నారట. ఈ గుణానికి పేరుపడ్డ సహచరుడు మూడో ఖలీఫా ఉస్మాన్. మొదటి ఇద్దరు ఖలీఫాలైన అబూ బక్ర్, ఉమర్ వచ్చినప్పుడు పడుకున్న తీరునే ఉండిపోయిన ప్రవక్త, ఉస్మాన్ రాగానే లేచి బట్టలు సర్దుకున్నారు. ఎందుకని ఆయన భార్య ఆయిషా అడిగితే, దేవదూతలే సిగ్గుపడే మనిషి ముందు నేను సిగ్గుపడొద్దా అన్నారు.

హయా అంటే నోరు మూసుకోవడం కూడా కాదు. ఇందాకటి అనస్ తల్లి ఉమ్ము సులైమ్ ప్రవక్త దగ్గరికొచ్చి, 'అల్లాహ్ నిజం విషయంలో సిగ్గుపడడు' అంటూనే, ఆడవాళ్లకు కలలో స్ఖలనమైతే స్నానం చేయాలా అని అడిగేసింది. తడి కనబడితే చేయాలన్నది జవాబు. ఇప్పటి ఆడవాళ్లు చాలామంది డాక్టర్ దగ్గర కూడా ఇంత సూటిగా అడగలేరేమో. మతం నేర్చుకోవడానికి అన్సార్ (మదీనా స్థానిక ముస్లిం) స్త్రీలకు సిగ్గు అడ్డురాలేదని ఆయిషా మెచ్చుకున్నారు కూడా.

ఇక బట్టల సంగతి. ఖురాన్ 24వ అధ్యాయంలో చూపు దించుకోమన్న ఆజ్ఞ ముందు మగవాళ్లకు, 30వ వాక్యంలో. స్త్రీలకు తర్వాతి వాక్యంలో. అందులోనే ఖిమార్‌ను, అంటే తలగుడ్డను, రొమ్ము మీదికి కప్పుకోమని ఉంది. 33:59లో పైవస్త్రం కప్పుకోమంటూ, వాళ్లను గుర్తుపట్టి ఎవరూ వేధించకుండా ఉండటానికి అని కారణం కూడా చెప్పింది. బానిస స్త్రీల నుంచి వేరుగా గుర్తుపట్టడానికని పాత వ్యాఖ్యాతలు చాలామంది వివరించారు. అంటే ముసుగులో శీలంతో పాటు హోదా కూడా ఉంది. ఇది ఇస్లాంతో మొదలైంది కాదు. అంతకు పదిహేను వందల ఏళ్లకు పైగా ముందే పశ్చిమాసియాలోని ప్రాచీన అస్సీరియా రాజ్యపు చట్టం పెళ్లయిన స్త్రీ తల కప్పుకోవాలంది, బానిస, వేశ్య కప్పుకుంటే శిక్ష వేసింది.

ఈ హోదా లెక్క మనకూ తెలియనిది కాదు. తెలుగునాట జమీందారుల, రాజుల ఇళ్లలో హిందూ స్త్రీలూ ఘోషా, అంటే పరాయి మగవాళ్ల కంటపడకుండా ఉండే పద్ధతి, పాటించారు. ఫారసీలో గోషా అంటే మూల. విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. 'సిగ్గూ శరం లేదా' అని తిట్టేటప్పుడు ఆ శరం కూడా ఫారసీదేనని ఎవరికి గుర్తుంటుంది?

ఎంత కప్పుకోవాలన్నది ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర) పండితులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. ముఖం, చేతులు కప్పక్కర్లేదని హనఫీ, మాలికీ అనే శాఖల పండితులు ఎక్కువమంది అన్నారు. మగవాడికీ బొడ్డు నుంచి మోకాలి దాకా కప్పుకోవాలన్న లెక్క ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ టెన్షన్ పడరు.

ఈ వాదన 20వ శతాబ్దంలో ప్రభుత్వాల చేతికొచ్చింది. ఈజిప్టులో 1923లో స్త్రీల హక్కుల ఉద్యమకారిణి హుదా షారావీ కైరో స్టేషన్‌లో ముఖం మీది ముసుగు తీసేసింది తన ఇష్టంతో. ఇరాన్‌లో ఆ ఇష్టం మిగల్లేదు. 1936లో రాజు రెజా షా ముసుగును నిషేధిస్తే పోలీసులు వీధుల్లో లాగేశారు. బయటికి రావడమే మానేసిన స్త్రీలున్నారు. 1979 విప్లవం తర్వాత అదే దేశం తప్పనిసరి చేసింది, 1983లో కొరడా దెబ్బల శిక్ష పెట్టింది. 2022 సెప్టెంబర్‌లో, తల సరిగా కప్పుకోలేదని పట్టుకున్న మహ్సా అమీనీ అనే యువతి నైతిక పోలీసుల నిర్బంధంలో ఉండగా కోమాలోకి వెళ్లి చనిపోయాక జనం రోడ్డెక్కారు.

అదే ఏడాది మన పక్క రాష్ట్రంలో ఉడుపి కాలేజీ అమ్మాయిలు తలగుడ్డతో క్లాసులో కూర్చుంటామన్నారు. ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వం యూనిఫాం ఉత్తర్వు ఇచ్చింది. హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదంటూ మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో జస్టిస్ హేమంత్ గుప్తా ఒక మాట, జస్టిస్ సుధాంశు ధూలియా ఇంకో మాట చెప్పారు. తప్పనిసరి ఆచారమా కాదా అన్న దారిలోకి వెళ్లడమే సరికాదు, ఇది ఆ అమ్మాయి ఎంపిక అని ధూలియా రాశారు. ఇద్దరికీ పొత్తు కుదరక విషయం పెద్ద ధర్మాసనానికి వెళ్లింది.