బడి మేడకు వెల్ల

ఉప్పల్ వైపు ఒక ప్రభుత్వ బడిలో సైన్స్ చెప్పే టీచరమ్మ అడిగారు: "సార్, మన బడిని పర్యావరణానికి మేలు చేసేలా మారుద్దామని పిల్లలు పట్టుబడుతున్నారు. మొక్కలు నాటాం, ఇంకుడు గుంత తవ్వాం. సోలార్‌కు డబ్బుల్లేవు. ఇంకేం చేయొచ్చు?"

మేడెక్కుదాం రమ్మన్నాను.

దారిలో పై అంతస్తులోని ఏడో తరగతి గదిలో ఆగాం. మధ్యాహ్నం మూడు గంటలు. ఫ్యాను తిరుగుతోంది, వేడిగాలే కొడుతోంది. "ఇది ఆగ్నేయం మూల కదా సార్, అందుకే" అన్నాడు అటెండరు. సరిగ్గా దాని కిందున్న ఆఫీసు గది కూడా ఆగ్నేయమే. అక్కడ హాయిగా ఉంది. ఆఫీసు గది నెత్తిన ఇంకో గది ఉంది, ఈ గది నెత్తిన ఎండ ఉంది. ఇలాంటి మాట వినపడినప్పుడు కొట్టిపారేయకుండా పిల్లల్ని రెండు గదుల్లోనూ నిలబెట్టి చూపించాలి. అదే పాఠం.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో చదరపు మీటరు డాబా మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. అంటే ఒక ఇస్త్రీ పెట్టె. 6 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవున్న గది మీద 48 ఇస్త్రీ పెట్టెలు! మాసిన సిమెంటు డాబా అందులో 70 శాతం దాకా మింగుతుంది. మింగిందంతా గదిలోకి దిగదు, కొంత గాలికి, ఆకాశానికి పోతుంది. మిగిలింది అయిదారు అంగుళాల స్లాబు దాటడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పన్నెండింటి ఎండ పిల్లల నెత్తికి మూడింటికి అందేది అందుకే.

సున్నం కొడితే? నన్ను ఏళ్లుగా వదలని ముచ్చట ఇక్కడుంది. పండక్కి గోడకు వెల్ల వేసేటప్పుడు చూసే ఉంటారు: పూసిన క్షణంలో గోడ మసకగా ఉంటుంది, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. సున్నం అదే, మరి ఆ తెలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?

గాలి నుంచి! కాంతి ఒక పదార్థంలోకి దూరేటప్పుడు ఎంత నెమ్మదించి వంగుతుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం. సున్నపు రేణువుకు అది సుమారు 1.6, నీటిది 1.33, గాలిది 1. రెండు గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి వర్గం చేస్తే, ఆ రెండు పదార్థాలు కలిసే హద్దు మీద నిటారుగా పడ్డ కాంతిలో ఎంత వెనక్కి తిరుగుతుందో తెలుస్తుంది. నీరు, సున్నం మధ్య అది ఒక శాతం కూడా ఉండదు. నీరు ఆరి రేణువుల సందుల్లోకి గాలి దూరగానే 5 శాతం దాటుతుంది. ఒక్క హద్దు దగ్గర 5 శాతమే, కానీ పలచని పూతలో కూడా అలాంటి హద్దులు ఎన్నో. కాంతి దారి తప్పి తప్పి చివరికి పైకే వస్తుంది. పంచదార, ఉప్పు, నురగ తెల్లగా ఉండేదీ ఇందుకే. విడిగా చూస్తే అన్నీ పారదర్శకాలే.

పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకుని మెల్లగా కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఎండను 95.5 శాతం తిప్పికొట్టే పెయింటు చేసింది ఈ పదార్థంతోనే! రకరకాల సైజుల రేణువులు కలపడం వాళ్ల కిటుకు. ఒక్కో సైజు రేణువు ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని బాగా చెదరగొడుతుంది. మన వెల్ల అంత దూరం పోదు గానీ, కొత్తగా వేసినప్పుడు 70 శాతానికి అటూ ఇటూ తిప్పికొడుతుంది.

తిప్పికొడితే చాలదు, మింగిన వేడిని వదలాలి కూడా. తళతళలాడే జింకు రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది, కానీ వేడిని కంటికి కనపడని పరారుణ కిరణాలుగా వదలడంలో మహా పిసినారి. అందుకే రేకుల షెడ్డు మాడిపోతుంది. సున్నం వేడిని ధారాళంగా వదిలేస్తుంది. అందులో 8 నుంచి 13 మైక్రోమీటర్ల మధ్య కిరణాలు, గాలి పొడిగా ఉంటే, వాతావరణాన్ని దాటి నేరుగా అంతరిక్షంలోకి పోతాయి.

డాబాలు ఇలా ఎండను తిప్పికొట్టి చల్లగా ఉండాలని తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. "తెలుపు పరావర్తనం చెందిస్తుంది, నలుపు శోషిస్తుంది" అని ఒక మార్కు కోసం బట్టీపట్టే పిల్లలు నల్లబడ్డ డాబా కింద కూర్చుని చెమటలు కక్కుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

టీచరమ్మతో చెప్పిందిది: ఫిబ్రవరిలో, ఒంటిపూట బడులు మొదలవకముందే, డాబా ఊడ్చి కడిగించండి. నానబెట్టిన సున్నంలో గంజి కలిపి రెండు పూతలు వేయించండి. కళ్లలో పడితే ప్రమాదం కాబట్టి ఆ పని పెద్దలే చేయాలి. వానలకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాల్సిందే. ముందు సగం డాబాకే వేయించండి. కింద పక్కపక్క గదుల్లో సీలింగుకు ల్యాబ్ థర్మామీటర్లు అంటించి, పిల్లలతో గంటగంటకూ రాయించండి.

"మిగతా సగం ఎప్పుడు?" అన్నారామె.

పిల్లల గ్రాఫు పూర్తయిన మర్నాడు.