ఇన్‌హేలర్ మీద పడిన పాత మాత్రల భయం

ఉబ్బసానికి పీల్చే మందు రాసివ్వగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న: "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" ఉందని తెలిస్తే కొందరు అసలు మొదలుపెట్టరు. మొదలుపెట్టినవారిలోనూ కొందరు ఆయాసం తగ్గగానే మానేస్తారు. ముక్కు అలర్జీకి వాడే స్ప్రేదీ ఇదే పరిస్థితి. ఈ భయం ఊరికే పుట్టింది కాదు, దాని మూలాలు 1950ల నాటి చికిత్సలో ఉన్నాయి. ఆ తర్వాత మందు ఎంత మారిందో మాత్రం జనానికి చేరలేదు.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో నడవడమే కష్టమైన ఒక యువతికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ హార్మోను సూదిమందు ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి తిరిగింది. 1950లో ఆయనతో పాటు ఈ హార్మోన్లపై పరిశోధించిన కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అదే రోజుల్లో ఉబ్బసం రోగులకూ ఈ మందు ఇవ్వడం మొదలైంది. ఊపిరాడక అల్లాడుతున్నవారు తేరుకున్నారు.

అయితే నెలల తరబడి వాడినవారి ముఖాలు ఉబ్బాయి, ఎముకలు గుల్లబారాయి, రక్తంలో చక్కెర పెరిగింది, పిల్లల ఎదుగుదల కుంటుపడింది. బయటి నుంచి హార్మోను అందుతుండటంతో ఒంట్లో దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకున్నాయి. అందుకే మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వచ్చేది. పైగా 1956లో బ్రిటన్ వైద్య పరిశోధక మండలి జరిపిన పరీక్షలో, దీర్ఘకాలిక ఉబ్బసంలో కొన్ని నెలలు గడిచేసరికి కార్టిజోన్‌కూ మామూలు చికిత్సకూ పెద్ద తేడా కనిపించలేదు. వైద్యులే వెనకడుగు వేశారు.

ఇక్కడే ఇంగ్లండ్‌లోని డెర్బీ పట్టణపు వైద్యుడు హ్యారీ మారో బ్రౌన్‌ను తలచుకోవాలి. ఆయన రోగుల కఫాన్ని గాజు పలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూసేవారు. కఫంలో ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్లరక్తకణాలు గుంపులుగా ఉన్నవారికి స్టెరాయిడ్ బాగా పనిచేస్తోందని, అవి లేనివారికి పెద్దగా పనిచేయడం లేదని 1958లో ప్రకటించారు. అందరినీ ఒకే గాటన కట్టి చూస్తే ఫలితం కనబడదన్నమాట. ఇంత చిన్న పని ఒక మందు భవిష్యత్తునే మార్చిందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

మందును నేరుగా శ్వాసనాళాల్లోకి పంపే ప్రయత్నాలు 1950ల్లోనే జరిగినా ఫలించలేదు. దారి చర్మవ్యాధుల వైపు నుంచి దొరికింది. పూసిన చోట గట్టిగా పనిచేస్తూ ఒంట్లోకి తక్కువగా చేరే స్టెరాయిడ్లు అప్పటికే పైపూతలుగా వచ్చాయి. మందుల కంపెనీ గ్లాక్సో పరిశోధకులు అటువంటి బెక్లోమెథసోన్‌ను పీల్చే మందుగా మలిచారు. 1972లో మారో బ్రౌన్ బృందమే దాని ఫలితాలు వెల్లడించింది. మాత్రల మీద బతుకుతున్న ఎందరో వాటిని మానగలిగారు. మరుసటి ఏడాది డెన్మార్క్ వైద్యుడు నీల్స్ మిగిండ్ అదే మందును ముక్కులో వాడి, పుప్పొడి అలర్జీకి మేలు చేస్తుందని చూపారు. తర్వాత వచ్చిన బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ అనే స్టెరాయిడ్లలో మింగుడుపడిన భాగాన్ని కాలేయం చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది.

మాత్ర మోతాదు మిల్లీగ్రాముల్లో, పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. పీల్చే మందుకు శక్తి ఎక్కువ కాబట్టి బరువును బట్టే పోల్చడం సరికాదు. అయినా మామూలు మోతాదులో రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

అప్పటికీ ఉబ్బసమంటే శ్వాసనాళాలు బిగుసుకోవడమేనన్న ఆలోచన పోలేదు. బిగువు సడలించే ఉపశమన మందుతోనే సరిపెట్టేవారు. అసలు సమస్య లోపలి వాపు. 1991లో ఫిన్లాండ్ అధ్యయనం, కొత్తగా ఉబ్బసం బయటపడినవారికి మొదటి నుంచే బుడెసొనైడ్ ఇస్తే మేలని తేల్చింది. 2000లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్ర వైద్య రికార్డుల పరిశీలన ఇంకా సూటిగా చెప్పింది: తక్కువ మోతాదులో క్రమం తప్పకుండా పీల్చేవారిలో ఉబ్బసం మరణాలు బాగా తగ్గాయి. 2019లో అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ గినా, పెద్దలకూ కౌమారంలో ఉన్నవారికీ ఉపశమన మందు ఒక్కదానితోనే చికిత్స చేయవద్దని చెప్పింది. ఈ మాట రావడానికి ఇన్నేళ్లు పట్టడం బాధాకరం.

పీల్చే మందుకూ దుష్ప్రభావాలున్నాయి. నోట్లో తెల్లపూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే ఇవి చాలావరకు తగ్గుతాయి. ముక్కు స్ప్రేతో ఒక్కోసారి రక్తం పడుతుంది. గొట్టాన్ని నడిమి గోడకు గురిపెట్టకుండా కొంచెం బయటి వైపుకు తిప్పి కొట్టుకోవాలి. చిన్నప్పుడు బుడెసొనైడ్ వాడిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనిస్తే ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తగ్గినట్టు 2012లో తేలింది. తల్లిదండ్రులకు దీన్ని దాచకుండా చెప్పాలి. అదుపులో లేని ఉబ్బసం ఏం చేస్తుందో కూడా అప్పుడే కూర్చోబెట్టి చెప్పాలి. ఎందుకంటే భయపడి ఇన్‌హేలర్ మానేసిన రోగి ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి చేరినప్పుడు వైద్యులు ఇచ్చేది స్టెరాయిడ్ మాత్రలో, సూదిమందో. అలాంటి కోర్సులు మళ్లీ మళ్లీ వాడాల్సి వస్తే, 1950ల్లో జనాన్ని భయపెట్టిన ఆ ఎముకల బలహీనత, ఆ చక్కెర సమస్య నిజంగానే ఎదురవుతాయి.