షావుకారుపేట సరుకు, తిరుపతి అంగడి, మధ్యలో 2బి

నెలలో 14వ తేదీ వచ్చిందంటే తిరుపతి అంగళ్లలో కొత్త టెన్షన్. చెన్నై హోల్‌సేల్ బజారు షావుకారుపేటలో కొన్న సరుకు బిల్లు జీఎస్టీ పోర్టల్లో 2బి పట్టీలో, అంటే అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితాలో పడిందా, లేదా? పడకపోతే, సరుకు అమ్మిన సేటుకు పన్నుతో సహా డబ్బు కట్టేసినా ఆ నెల ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు ఇచ్చిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేరు. అందుకే కొందరు సరుకు డబ్బు ముందిచ్చి, పన్ను మాత్రం బిల్లు 2బిలో కనిపించాకే ఇస్తామంటున్నారు. ‘ఇన్నేళ్ల ఖాతా, నన్నే నమ్మవా?’ అని సేటుకు కోపం.

ఈ ఖాతా పాతదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. సరిహద్దు వచ్చినా సరుకు దారి మారలేదు. బొమ్మలు, గాజులు, పటాల ఫ్రేములు, కొండకొచ్చే భక్తులు కొనేవన్నీ షావుకారుపేట నుంచే. పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరేవారు, సరుకు వెనకాలే లారీ పార్శిల్‌లో వచ్చేది. కొత్తగా అంగడి పెట్టినవాడికి అప్పు పుట్టాలంటే పాత అంగడాయన వెంట వెళ్లి ‘మనవాడే’ అనాలి. ఆ ఒక్క మాటే హామీ. సగం ఇప్పుడు, మిగతాది బ్రహ్మోత్సవాలయ్యాక అని చిట్టాలో రాసుకునేవారు.

తర్వాత ఫోన్లు వచ్చాయి, ప్రయాణాలు తగ్గాయి. అసలు మార్పు వాట్సాప్‌తో వచ్చింది. సేటు పంపిన ఫొటోనే సూరత్ వాళ్లకు పంపి ‘మీ రేటెంత?’ అని కుర్రాళ్లు అడుగుతున్నారు. నాన్న ఇరవై ఏళ్లు బేరమాడిన సేటు ముఖం కూడా కొడుక్కి తెలీదు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చి సరిహద్దులో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి, రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేలు మించితే ఈ-వే బిల్లు, అంటే ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం. 2022 జనవరి నుంచి అమ్మినవాడు రిటర్నులో చూపిన బిల్లుకే క్రెడిట్. అంటే సేటు నిజాయతీ ఒక్కటే చాలదు, ఆయన అకౌంటెంటు కూడా టైముకి ఫైల్ చెయ్యాలి. ఏడాదికి 5 కోట్లలోపు వ్యాపారమైతే మూడు నెలలకోసారి ఫైల్ చేసే వీలుంది. అలాంటి సేటు నెలనెలా బిల్లులు ఎక్కించకపోతే ఇక్కడివాళ్లు క్వార్టర్ ముగిసేదాకా ఆగాల్సిందే. (అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న అంగళ్లకు క్రెడిటే లేదు, ఈ గొడవా లేదు.)

మొన్న మా బజారులో ఒక అంగడి కొడుకు, బిల్లు పడలేదని సేటుకు స్క్రీన్‌షాట్ పంపాడు. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సాయంత్రం నాన్న ఫోన్ తీసుకున్నాడు. ‘ఏం సేటూ, బిడ్డ పెళ్లి కుదిరిందా?’ అని మొదలుపెట్టి, పది నిమిషాల తర్వాత బిల్లు మాటెత్తాడు.