బులెటిన్‌లో అంకె చదవడం ఎలా? పిల్లలకు ఉత్తరం

హైదరాబాద్

చిరంజీవులకు ఆశీస్సులు.

కరోనా వచ్చినప్పుడు మీలో కొందరు అ ఆలు దిద్దుతున్నారు, కొందరింకా పుట్టలేదు. ఆ రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్ళు వైద్యారోగ్య శాఖ బులెటిన్ కోసం ఫోన్లు పట్టుకుని కూర్చునేవారు. అందులో ఎన్ని పరీక్షలు చేశారో, ఎన్ని పాజిటివ్ వచ్చాయో, ఎందరు కోలుకున్నారో, ఎందరు పోయారో ఉండేది. కింద జిల్లాల పట్టిక. టీవీవాళ్ళు మాత్రం పాజిటివ్‌ల సంఖ్య ఒక్కటే పట్టుకుని అరిచేవారు. అది పెరిగితే భయం, తగ్గితే పెళ్ళిళ్ళకు ప్రయాణం. విడిగా చూస్తే ఆ సంఖ్య చెప్పేది చాలా తక్కువ.

ఒక లెక్క చూడండి. సోమవారం 10,000 మందికి పరీక్ష చేస్తే 500 మందికి ఉందని తేలిందనుకోండి. అంటే నూటికి 5. మంగళవారం 4,000 మందికే చేశారు, 320 మందికి తేలింది. "కేసులు తగ్గాయి" అని వార్త వస్తుంది. కానీ ఈసారి నూటికి 8. జబ్బు తగ్గలేదు, వెతకడం తగ్గింది. ఈ శాతాన్నే పాజిటివిటీ రేటు అంటారు. రెండు వారాలపాటు అది 5 లోపు ఉంటేనే ఆంక్షలు సడలించమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆదివారాలూ పండగలూ వస్తే పరీక్షలు తగ్గేవి, మర్నాటి అంకె అందంగా కనిపించేది. అందుకే ఒక్క రోజు అంకె చూడకూడదు, ఏడు రోజులవి కూడి ఏడుతో భాగించాలి.

పరీక్షలన్నీ ఒకటి కావు, అదో చిక్కు. ఆర్టీపీసీఆర్‌లో ముక్కులోంచి, గొంతులోంచి తీసిన నమూనాలో వైరస్ జన్యుపదార్థం ఉంటే, దాన్ని యంత్రం విడతకు రెండింతలు చేస్తూ పోతుంది. 20 విడతలకు అది పది లక్షల రెట్లు దాటుతుంది, కావాలంటే రెండును రెండుతో గుణిస్తూ చూసుకోండి. కొంచెం ఉన్నా దొరకడం అందుకే. రాపిడ్ యాంటీజెన్ పరీక్షలో ఈ పెంచడం లేదు. అరగంటలోపే ఫలితం వస్తుంది గాని, వైరస్ తక్కువగా ఉంటే పట్టుకోలేదు. జ్వరం, దగ్గు ఉండి యాంటీజెన్‌లో నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయించాలన్నది అప్పటి నియమం. చాలామంది ఆ నెగెటివ్ చీటీ జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగారు.

ఇక కాలం సంగతి. మొదట్లో వచ్చిన రకాలకు వైరస్ అంటినప్పటి నుంచి లక్షణాలు కనబడటానికి సుమారు 5 రోజులు, ఒక్కోసారి 14 రోజుల దాకా పట్టేది. ఆపైన పరీక్షకు వెళ్ళడానికి ఒకటి రెండు రోజులు, ఫలితానికి మరో ఒకటి రెండు. అంటే ఇవాళ్టి బులెటిన్ వారం పది రోజుల కిందటి ముచ్చట. 2021 మే 12న తెలంగాణ రాష్ట్రంలో రెండోసారి లాక్‌డౌన్ పెట్టారు, మొదట్లో పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే సడలింపు. నాలుగో రోజుకే "ఏం లాభం, కేసులు తగ్గలేదు కదా" అన్నవాళ్ళున్నారు. ఆ రోజు లెక్కకెక్కినవాళ్ళలో చాలామందికి లాక్‌డౌన్‌కు ముందే అంటింది. మరణాల అంకె ఇంకా వెనక నడుస్తుంది, రెండు మూడు వారాలు. (ఆ నాలుగు గంటల్లోనే జనమంతా కూరగాయల బళ్ళ మీద పడటం వేరే సంగతి. నన్నడిగితే సమయం ఇంకాస్త పెంచి ఉంటే గుంపులు పలచబడేవి.)

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, ఎందుకంటే కుండంతా ఒకేలా ఉడుకుతుంది. నగరం అలా కాదు. పరీక్షకు వచ్చేవాళ్ళు వేరు, రానివాళ్ళు వేరు. లక్షణాల్లేనివాళ్ళు రారు, రోజుకూలీ పోతుందని కొందరు రారు. మరి రానివాళ్ళను లెక్కపెట్టేదెలా?

దీనికి మన ఊళ్ళోనే ఒక మంచి దారి దొరికింది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీల శాస్త్రవేత్తలు మురుగునీటిని పరీక్షించారు. వైరస్ సోకినవాళ్ళ మలంలో దాని జన్యుపదార్థం దాదాపు 35 రోజుల దాకా పడుతుంది, లక్షణాలున్నా లేకపోయినా. శుద్ధి కేంద్రానికి వచ్చే నీటిలో లీటరుకు అది ఎంతుందో కొలిచి, రోజుకు ఎన్ని లీటర్లు వస్తోందో దాంతో గుణించి, ఒక మనిషి నుంచి పడే మోతాదుతో భాగిస్తే ఎంతమందో అంచనాకు వస్తుంది. నగరం మురుగంతా శుద్ధి కేంద్రాలకు చేరదు కాబట్టి, చేరినంతవరకు లెక్కగట్టి మిగతాదానికి ఆ నిష్పత్తిలో పెంచారు. 2020 ఆగస్టులో వాళ్ళ అంచనా: గడిచిన 35 రోజుల్లో నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకింది. అదే నెలలో, రాష్ట్రం మొత్తం మీద, మార్చి నుంచి పరీక్షల్లో తేలినవాళ్ళు లక్షకు అటూ ఇటూగా ఉన్నారు. ఇది అంచనాయే. ఒక మనిషి నుంచి ఎంత పడుతుందనే అంకె మారితే జవాబూ మారుతుంది. అయినా పరీక్షల్లో ఎందరు తప్పిపోతున్నారో ఒక అందాజా దొరికింది.

అంకెలు అందనిచోట పుకార్లు పుట్టాయి. 2020 మొదట్లో కోడిమాంసంతో కరోనా వస్తుందన్న మాట పాకి చికెన్ ధర పడిపోయింది, మంత్రులు వేదికెక్కి తిని చూపించాల్సి వచ్చింది. జనాన్ని మరీ వెక్కిరించకండి. రోగానికి అర్థం వెతుక్కోవడం మన దగ్గర పాతదే, లష్కర్ (సికింద్రాబాద్) బోనాలకు 1813 నాటి కలరాతో ముడిపెట్టి చెబుతారు. అలాంటి బోనాలను కూడా 2020లో ఎవరింట్లో వాళ్ళు చేసుకున్నారు.

చివరగా ఇంట్లో చూసే అంకె, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరుది. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టాలి. గోళ్ళరంగు తుడిచెయ్యాలి, పరికరం వేలిలోంచి వెలుతురు పంపి కొలుస్తుంది కాబట్టి ముదురు రంగు అడ్డం పడుతుంది. పెట్టగానే కనబడేది రాసుకోకండి, నిమిషం ఆగి అంకె నిలబడ్డాక రాసుకోండి. 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్ళకు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి అంచున ఉంటే అనుమానించడమే మంచిది. "ఆయాసం లేదుగా" అని ఊరుకోకూడదు. ఆయాసం ముఖ్యంగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు తెలుస్తుంది. ఈ జబ్బులో అది పెరగకుండానే ఆక్సిజన్ పడిపోవచ్చు.

మీకొక లెక్క ఇస్తున్నా. ఒక జిల్లాలో 6,000 యాంటీజెన్ పరీక్షల్లో 240 పాజిటివ్, 2,000 ఆర్టీపీసీఆర్ పరీక్షల్లో 240 పాజిటివ్. బులెటిన్‌లో రెండూ కలిపి వేశారు. విడివిడిగా శాతమెంత, కలిపితే ఎంత? ఏ పరీక్షకు ఎలాంటివాళ్ళు వచ్చి ఉంటారో కూడా ఆలోచించి, జవాబు కాగితం మీద రాసి పంపండి. ఫోనులో వద్దు.

మీ
తాతయ్య